ఎడపల్లి ఎదుర్కోలులో హుక్కా బాజా

ఎడపల్లి వైపు వెళితే ఇప్పటికీ ఒకరిద్దరు ముసలివాళ్లు నన్ను "కీచురాయి మాస్టరు" అంటారు. ఆరడుగుల మనిషిని పట్టుకుని కీచురాయి అనడమేమిటని మా కోడలు ఒకసారి అడిగింది. నవ్వి ఊరుకున్నాను. నిజామాబాద్ బ్యాండు మేళంలో ముప్పై ఏళ్లు ఊదాను. ఎన్ని లగ్గాలు చేశానో నాకే గుర్తు లేదు. జనానికి మాత్రం నేను తప్పు ఊదిన ఒక్క సాయంత్రమే గుర్తుండిపోయింది. జనం అంతే! ఆ సాయంత్రం సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెబితే ఒక మనిషి పరువు పోయేది. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కీబోర్డు ముందు కూర్చుని మీటలు నొక్కే మీలాంటి బ్యాండు పిల్లలకు చెబితే తప్పులేదనిపించి రాస్తున్నాను.

అప్పటికి తెలంగాణ ఆంధ్రతో కలిసి నాలుగైదేళ్లయి ఉంటుంది. మా బాపు సన్నాయి ఊదేవాడు. నేను సన్నాయి వదిలి సాక్సోఫోన్ పట్టాను. దానికి ఆయన ఆర్నెల్లు నాతో సరిగా మాట్లాడలేదు. ఏం చేయను, ఆ బంగారు మెరుపు చూశాక నా కంటికి ఇంకేదీ ఆనలేదు. స్టేషన్ దగ్గరి గల్లీలో ఒక సేఠు నడిపే బ్యాండు దుకాణంలో చేరాను. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తలకు వాసన నూనె. మేళంలో ముందు వరుస ఎడమ కొస నాది. ఏ వాడలో తిరిగినా అరుగుల మీది ఆడవాళ్లు మొదట చూసేది ఆ కొసనే. ఇది నా గొప్ప కాదు. పెద్ద డ్రమ్ము కొట్టే అన్న కడుపుమంటతో అన్న మాట.

మేళానికి పెద్ద మా ఉస్తాదు. నిజాం కాలంలో ఫౌజు బ్యాండులో పనిచేసి, ఆ ఫౌజే లేకుండా పోయాక మా ఊరు చేరిన మనిషి. పొట్టిగా ఉన్నా నిటారుగా నడిచేవారు. చేతిలో వెండి పొన్ను వేసిన నల్ల కర్ర ఉండేది. అది పైకి లేస్తే పాట మొదలు, గాలిలో గుండ్రంగా తిరిగితే ఆఖరు. మధ్యలో మేము చేయవలసింది కర్రను చూడటమే. నేను చూసేవాణ్ణి కాదు. చందూర్‌లో ఒక లగ్గానికి కర్ర తిరిగిపోయాక కూడా కళ్లు మూసుకుని నా గమకాలు నేను ఊదుకుంటూ పోయాను. ఆయన తిట్టలేదు. దగ్గరికి వచ్చి, "బేటా, లగ్గం నీదా, ఆ పిలగానిదా?" అన్నారు. మేళమంతా పడీపడీ నవ్వింది.

ఆషాఢంలో లగ్గాలుండవు. ఆ నెలలో ఉస్తాదు సికింద్రాబాద్ వెళ్లి ఒక పొడుగాటి నల్ల పెట్టె మోసుకొచ్చారు. లోపల మఖ్మల్ గుడ్డ సగం పురుగులు కొట్టేసి ఉంది. దాని మధ్యన నల్ల చెక్క గొట్టం, వంకర మెడ, కింది కొసన పైకి తిరిగిన వెండి గరాటు. బేస్ క్లారినెట్ అన్నారు. ఫౌజు పాత సామాను అమ్ముతుంటే దొరికిందట. డ్రమ్ము అన్న దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి చూసి, "ఉస్తాద్, దీంట్ల పొగాకు యాడ ఎయ్యాలె?" అన్నాడు. ఆ రోజు నుంచి దాని పేరు హుక్కా బాజా.

నేనూ అందరితో పాటు నవ్వుతున్నాను. ఉస్తాదు ఆ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"ఇగ నువ్వు గిది ఊదాలె, బేటా."

"నేనా? మరి నా సాక్సోఫోను?"

"పక్కకు పెట్టు. కింది సురు ఊదేటోడు కావాలె. నీ దమ్ము మంచిగున్నది."

"నేనేం తప్పు జేసిన, ఉస్తాద్?"

చందూర్‌లో నేను చేసిన పనికి ఇదే శిక్ష అనుకున్నాను. కొత్త బాజాతో నా చోటు కూడా మారింది. ముందు వరుస ఎడమ కొస నుంచి తీసి, ఉస్తాదు ఎడమ భుజం వెనక, చేయి చాపితే తగిలేంత దగ్గరలో నిలబెట్టారు. అరుగుల మీది వాళ్లకు ఇక నా మొహం కూడా కనపడదు. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందంటే, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

మా మేళంలో క్లారినెట్ ఊదే ఒకాయన ఉండేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. పనిమంతుడే, కాదనను. ఉస్తాదు కర్ర తన చేతికి ఎప్పుడు వస్తుందా అని మాత్రం కాచుకుని ఉండేవాడు. నా భుజం మీద చేయి వేసి, "ముసలాయనకు చాదస్తం ఎక్కింది. జర ఓపిక పట్టు. కర్ర నా చేతికి రానియ్, నిన్ను మళ్ల ముంగట నిలబెడ్త" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు తియ్యగానే ఉంది.

నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండూ రీడు పెట్టి ఊదేవే కదా, వారం రోజుల పని అనుకున్నాను. నా మొహం! సాక్సోఫోన్‌లో ఎడమ బొటనవేలి మీట నొక్కితే కింది స కాస్తా పై స అవుతుంది. వేళ్లు మార్చే పని లేదు. దీంట్లో అదే మీట నొక్కితే స పోయి పై ప పలుకుతుంది. వేళ్లన్నీ వేరే లెక్కలో నేర్చుకోవాలి. ఏడేళ్ల అలవాటు నా బొటనవేలిలో కూర్చుంది. నేను వద్దనుకున్నా అది పోయి మీట నొక్కేది. నొక్కగానే పొరపాటు స్వరం వచ్చినా బాగుండు, ఒక్కోసారి కీచుమని చెవులు చిల్లులు పడే కూత వచ్చేది. దానికి తోడు నా ఊపిరి. సాక్సోఫోన్‌కు ఊదినట్టు బలంగా ఊదితే ఇది మూగనోము పట్టేది.

"గట్ల కాదు" అన్నారు ఉస్తాదు. "చలికాలం పొద్దుగాల చేతులు ఎట్ల కాపుకుంటవ్? నోరు తెరిచి, మెల్లగ, వెచ్చగ ఊదుతవ్ గద. గట్ల."

అలా ఊదితే పలికింది. అడుగు స్వరం పట్టినప్పుడు గూట్లో పెట్టిన స్టీలు గ్లాసు కూడా సన్నగా మోగింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నా ఒళ్లు ఝల్లుమంది. పైకి మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాను. ఉస్తాదు రోజూ నా ఎదురుగా కూర్చుని, అరచేయి ఆ వెండి గరాటు అంచు మీద పెట్టి, "ఇంక కిందికి, ఇంక కిందికి" అనేవారు. నేను సరిగా ఊదుతున్నానో లేదో చేత్తో పట్టి చూస్తున్నారని నాకు ఒళ్లు మండేది. నడుస్తూ ఊదేటప్పుడూ అంతే. నేను పొడుగు, ఆయన పొట్టి. మెడపట్టీకి వేలాడే బాజా గరాటు సరిగ్గా ఆయన చేతికి అందేది. కుడి చేత కర్ర ఎత్తి, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, వేళ్లు గరాటు అంచున ఆనించి నడిచేవారు.

ఇంకా కొన్ని చూశాను. అర్థం చేసుకోలేదు. వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. వయసుతో పాటు గర్వం పెరిగిందనుకున్నాం. క్లారినెట్ ఆయన ఒకటి రెండుచోట్ల తప్పు ఊదినా ఏమీ అనలేదు. ఇదివరకైతే పాట ఆపి మళ్లీ ఊదించేవారు. ఉస్తాదుకు భయపడటం మానేసి క్లారినెట్ ఆయన సేఠు చెవిలో ఊదడం మొదలుపెట్టాడు. ఆఖరుకు సేఠు ఒక మాట అన్నాడు. "మాఘంల ఎడపల్లి పెండ్లి ఉన్నది. పెద్ద ఇల్లు. నేనే వచ్చి జూస్త. గాడ గడబడ అయిందో, కర్ర చేతులు మారుతది." ఈ మాట దుకాణంలో అందరికీ తెలిసిపోయింది. ఉస్తాదుకు ఎవరు చెప్పారో తెలియదు గానీ ఆయనకూ తెలిసింది. ఆ కర్ర తప్ప ఆయనకు వేరే సంసారం లేదు. దుకాణం వెనక గదిలోనే ఉండేవారు.

మా వైపు చెరుకు బండి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటితే గానీ లగ్గం ముహూర్తం కుదిరేది కాదు. ఎడపల్లి పెండ్లిపిల్ల తండ్రి కూడా చెరుకు కొట్టుడు అయ్యాకే పెండ్లి పెట్టుకున్నాడు. మగపెండ్లివాళ్లది మరాఠీ వైపు ఊరు, సరిహద్దు అవతల. వాళ్లు తమ మేళాన్ని తెచ్చుకున్నారు. మేము ఆడపెండ్లివారి మేళం. ఎదుర్కోలు అంటే మీకు తెలుసు, ఊరి బయట రెండు పక్షాలూ ఎదురుపడి గంధం పూసుకుని, షర్బత్ ఇచ్చుకుని లోపలికి నడుస్తారు. ఆ రోజుల్లో రెండు మేళాలుంటే ఇంకో ముచ్చట ఉండేది. ఎదురెదురుగా నిలబడి ఊదాలి. ఏ మేళం పాట నడిమధ్యలో ముందు ఆగుతుందో ఆ పక్షం తప్పుకుని రెండో పక్షానికి దారి ఇవ్వాలి.

నాలుగు గంటల పొద్దు. కొట్టేసిన చెరుకు మళ్ల మధ్య బండ్ల బాట. అవతల పద్దెనిమిది మంది, అంతా ఇత్తడి. ఇవతల మేము పదకొండు మందిమి. వాళ్లు ఊదడం మొదలుపెడితే మా అడుగుల కింద మట్టి కదిలింది. ఉస్తాదు కర్ర ఎత్తారు. ఎడమ చేయి వెనక్కి వచ్చి నా గరాటు అంచు పట్టింది. మొదలుపెట్టాం. ఒక పాట అయింది, రెండోది అయింది, కర్ర ఎక్కడా తప్పలేదు. కానీ జనం వాళ్ల వైపు మొగ్గుతున్నారు. "వాజ్వా! వాజ్వా!" అని అవతలివాళ్లు తమ మేళాన్ని ఎగదోస్తున్నారు. సేఠు ఒక పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

క్లారినెట్ ఆయన ఊపిరి తీసుకునే సందులో నా వైపు వంగి, "హుక్కా ఎవ్వనికి ఇనవడుతున్నదిరా? సాక్సోఫోన్ తియ్యి, లేకుంటే ఓడుతం" అన్నాడు.

సాక్సోఫోన్ నా వీపునే ఉంది. ఎందుకైనా మంచిదని తగిలించుకుని వచ్చాను. అదీ అబద్ధమే, ఊదాలని ఆశపడే తెచ్చుకున్నాను. ఉస్తాదును గెలిపిస్తున్నాననే అనుకున్నాను. ఆ అనుకోవడంలో సగం అరుగుల మీది ఆడవాళ్లే ఉన్నారు. మూడో పాట నడుస్తుండగా హుక్కాను మెడ నుంచి తీసి తాళాలవాడికి అప్పగించి, సాక్సోఫోన్ అందుకుని ముందుకు వచ్చాను. వస్తూ చూశాను, ఉస్తాదు ఎడమ చేయి వెనక గాలిలో వెతుకుతోంది. చూసి కూడా పట్టించుకోలేదు.

ఆహా, ఎట్లా ఊదాననుకున్నారు! ఆడపెండ్లివాళ్లు ఈలలు వేశారు. అవతలి మేళం మాస్టరు కూడా తల తిప్పి చూశాడు. చరణం సగంలో ఉన్నాను. స్వరం పైకి వెళుతోంది. అప్పుడు కర్ర గాలిలో గుండ్రంగా తిరిగింది.

పాట ఆఖరని ఆయన అనుకున్నారు. డ్రమ్ము అన్న కర్రను నమ్మి ఆపేశాడు. ఇత్తడివాళ్లు ఆపేశారు. క్లారినెట్ ఆయన, నేను మాత్రం నడిబాటలో నాలుగు స్వరాలు ఊది బిక్కమొహం వేసుకుని ఆగిపోయాం. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అవతలివాళ్లు "హర్లే! హర్లే!" అని ఎగిరారు. మా మేళం ఓడినట్టు.

క్లారినెట్ ఆయన సేఠు వైపు తిరిగి అందరికీ వినపడేట్టు అన్నాడు. "జూసిండ్రా? పాట యాడున్నదో ముసలాయనకు తెల్వది!"

ఉస్తాదు ఎవరి మొహం వైపూ చూడటం లేదు. కర్ర దించలేదు. ఎడమ చేతి వేళ్లు ఇంకా వెనక్కి చాచి, తెరుస్తూ మూస్తూ ఉన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన చెవులు పోయాయని. డ్రమ్ము దెబ్బ ఆయనకు అందుతుంది, దానితో తాళం తెలుస్తుంది. పాట ఏ చరణంలో ఉందో ఆయన వేళ్లకు అదురుతో చెప్పేది నా చేతిలోని హుక్కా ఒక్కటే. ఆరు నెలలుగా ఆయన నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. ఆయన నా ద్వారా పాట వింటున్నారు. నన్ను వెనక్కి నెట్టలేదు, తన పక్కన పెట్టుకున్నారు. అది తెలియక నడిబాటలో ఆయన చేయి వదిలేసి పోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తాళాలవాడి చేతిలోంచి హుక్కా లాక్కున్నాను. మెడపట్టీ కూడా సరిగా తగిలించలేదు. ఆదరాబాదరా నోట పెట్టుకుని ఊదాను. నా బొటనవేలు, పాడు బొటనవేలు, సాక్సోఫోన్ అలవాటుతో పోయి మీట మీద కూర్చుంది. గొంతు పట్టుకుంటే పందిపిల్ల అరిచినట్టు కీచుమని ఒక కూత. ఎడ్లు బెదిరి బండి కాడి లాగాయి. జనం ఒక్కసారి గొల్లున నవ్వారు.

"ఏందిరా గది!" అని డ్రమ్ము అన్న కడుపు పట్టుకున్నాడు.

అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. ఉస్తాదు మీద ఒక్క కన్ను కూడా లేదు. అది చూశాను. చూసి, రీడును పళ్లతో గట్టిగా కొరికి పట్టి మళ్లీ ఊదాను. మొదటి దానికన్నా పెద్ద కూత వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గట్టిగా అరిచి చెప్పాను.

"తప్పు నాది! బాజా మార్చి పాట తప్పిన. గందుకే ఉస్తాద్ ఆపిండు!"

"నీ హుక్కాల నిప్పు పొయ్య!" అన్నాడు సేఠు. అక్కడ మొదలుపెట్టి మా బాపు దాకా వెళ్లాడు. అంతా నా మీదే. క్లారినెట్ ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, తన రీడు సర్దుకోవడంలో పడ్డాడు. పెండ్లిపిల్ల తండ్రి మంచి మనిషి. తలపాగా సర్దుకుంటూ, "బిడ్డనే ఇస్తున్నం, తొవ్వ ఇయ్యలేమా? జరగుండ్రి" అని మగపెండ్లివారికి దారి ఇప్పించాడు. నేను ఊపిరి కూడదీసుకుని, నోరు తెరిచి, మెల్లగా, వెచ్చగా అడుగు స్వరం పట్టాను. ఉస్తాదు వేళ్లు గరాటు అంచును వెతుక్కుని పట్టుకున్నాయి. కర్ర లేచింది. ఆ సాయంత్రం, మర్నాడు లగ్గం అయ్యేదాకా, ఆ కర్ర మళ్లీ తప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం నిజామాబాద్ బండి కోసం ఎడపల్లి స్టేషన్‌లో కూర్చున్నాం. బోధన్ బాటలో చెరుకు బండ్లు వరసగా వెళుతున్నాయి. గాలి అటు నుంచి వీస్తే ఫ్యాక్టరీ మడ్డి వాసన. మిగతావాళ్లు వేపచెట్టు కింద బీడీలు కాలుస్తూ నా కూతను ఒకరి తర్వాత ఒకరు నోటితో చేసి చూపిస్తున్నారు. కీచురాయి అనే పేరు అక్కడే పుట్టింది. ఉస్తాదు ప్లాట్‌ఫారం చివర హుక్కా పెట్టె మీద ఒక్కరే కూర్చున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఊరికి పోయినంక కర్ర సేఠుకు ఇచ్చేస్త, బేటా" అన్నారు.

"ఎందుకు ఉస్తాద్?"

"ఊరంత నన్ను జూసి నవ్విండ్రు గద. ఇన్నేండ్లల్ల ఎవ్వరు నవ్వలే."

నిన్న నేను అరిచి చెప్పిన మాట ఆ గోలలో ఆయనకు అందలేదు. ఆ కూతలూ అందలేదు. ఊరంతా విన్నది ఆయన ఒక్కరే వినలేదు. ఆయన మొహానికి ఎదురుగా జరిగి, గొంతును కింది స్వరానికి దించి, పెదవులు కనపడేట్టు చెప్పాను.

"మిమ్మల్ని జూసి కాదు. నన్ను జూసి. మీరు కర్ర తిప్పినంక హుక్కా పందిపిల్ల లెక్క ఒర్రింది. రెండుసార్లు."

వేపచెట్టు కిందివాళ్లను చూశారు. నన్ను చూశారు.

"నాకు ఇనవడలే" అన్నారు.

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఎన్నేండ్ల సంది, ఉస్తాద్?"

"పిట్టలు కూసుడు బంద్ జేసి మూడేండ్లాయె. తర్వాత క్లారినెట్ పోయింది. ఎన్కనే నువ్వు సుత గోలల కలిసిపోయినవ్. గందుకే నిన్ను కింది సురుకు దించిన." మళ్లీ నా మొహం వైపు తిరిగి అడిగారు. "రెండుసార్లు ఎందుకు ఒర్రింది?"

"ఒకసారి బొటనవేలు తప్పింది. సాక్సోఫోన్ అలవాటు."

"రెండోసారి?"

నేను బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను.

"రెండోసారి నేనే ఒర్రిపిచ్చిన."

బండి వస్తున్నట్టు ప్లాట్‌ఫారం సన్నగా అదిరింది. ఆ అదురు మా అందరికన్నా ముందు ఆయనకే తెలిసింది, లేచి నిలబడ్డారు. కర్రను రుమాలుతో ఒకసారి తుడిచి, చంకలో గట్టిగా పెట్టుకుని, పెట్టె వైపు చూపించారు.

"ఎత్తు. రేపు పొద్దుగాల అందరికన్న ముందు రావాలె, సమజైందా? నీ బొటనవేలు ఇంక సాక్సోఫోన్‌లనే ఉన్నది."